ఆనంద నిరాకరణ పత్రం

మానవజాతి సాహిత్యాన్ని కనిపెట్టిన కొన్ని వేల ఏళ్ల తర్వాత గాని, దాన్ని వినడానికి మనుషుల్ని ఎలా కూర్చోబెట్టాలో కనిపెట్టలేకపోయింది. ఆ ఘనత నెబ్రాస్కాలోని స్ట్రూబెల్ కౌంటీ కాలేజీకి దక్కింది. విధానం చాలా సులువు. కవి చదువుతాడు, విద్యార్థి వింటాడు, విన్నవాడికి రచన కోర్సులో ఒక మార్కు అదనంగా కలుపుతారు. ఇంత చిన్న సంగతి ఇన్ని నాగరికతలకు తట్టకపోవడం ఆశ్చర్యమే.

ఈ పథకానికి ముందు పరిస్థితి దయనీయంగా ఉండేది. ఒకసారి ఎక్కడో మొంటానా నుంచి పిలిపించిన నవలాకారుడి ముందు ముగ్గురే కూర్చున్నారు. ఒకరు ఆయన్ని కారులో తీసుకొచ్చిన గుమాస్తా, ఒకరు హాలుకు తాళం వేయాల్సిన లైబ్రేరియన్, మూడో ఆయన వాన తగ్గేదాకా లోపల ఆగిన పచ్చిక కోసే మనిషి. (ఆ మూడో ఆయన మాత్రం పుస్తకం కొన్నాడు. ఎందుకు కొన్నాడన్నది ఇప్పటికీ తేలలేదు.) అదనపు మార్కులు ప్రకటించాక జరిగిన తొలి సభకు నూట పన్నెండు మంది వచ్చారు. కాలేజీ అధ్యక్షుడు ట్రస్టీలకు పంపిన నివేదికలో దీన్ని సాహిత్య పునరుజ్జీవనం అని పేర్కొన్నారు.

ఆ నూట పన్నెండు మందిలో తొంభై మంది ముందు తలుపు దగ్గర సంతకం పెట్టి, జున్ను ముక్కల పళ్లెం మీదుగా వెనక తలుపులోంచి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది. పునరుజ్జీవనానికి కాపలా అవసరమైంది. అలా సాహిత్య హాజరు విభాగం పుట్టింది. దానికి అధిపతిగా మిస్ గ్వెండలిన్ ప్రాట్‌ను వేశారు. అంతకుముందు ఆవిడ పార్కింగ్ జరిమానాలు చూసేవారు. ఆగి ఉన్నవాటి విషయంలో ఆవిడకున్న అనుభవం ఇంకెవరికీ లేదు.

మిస్ ప్రాట్ హయాంలో ఫారం 11 వచ్చింది. లోపలికి వచ్చిన సమయం రాయాలి, బయటికి వెళ్లిన సమయం రాయాలి. వక్తతో ఫొటో దిగాలి. ఫొటోలో రెండు ముఖాలూ పూర్తిగా కనిపించాలి. సభ చివర ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్న అడిగి ముద్ర వేయించుకోవాలి. ఒకరు అడిగిన ప్రశ్న ఇంకొకరు అడిగితే ముద్ర పడదు. దాంతో గంటసేపు చదివిన రచయితలు రెండు గంటలసేపు జవాబులు చెప్పడం మొదలైంది. (అయోవా నుంచి వచ్చిన ఒక కథకుడు యాభై రెండో ప్రశ్న దగ్గర తనకు రాయడమంటే మొదటినుంచీ అంత ఇష్టం లేదని ఒప్పుకున్నాడు.) చివర్లో టిక్కు పెట్టాల్సిన ప్రశ్నలు తొమ్మిది ఉండేవి.

ఆ నవంబరులో ఈ వ్యవస్థ కింద రెండు మార్కులు సంపాదించాల్సిన అవసరం కోరిన్ హల్వర్సన్‌కు పడింది. కోరిన్‌కు ఇరవై మూడేళ్లు. పొద్దుటిపూట గుడ్ల ప్యాకింగ్ షెడ్డులో పని, మధ్యాహ్నం నుంచి కాలేజీ. డెంటల్ హైజీన్ కోర్సులో, అంటే దంతవైద్యుల దగ్గర జనం పళ్లు శుభ్రం చేసే చదువులో, ఆమెకు సీటు ఖాయమైంది. ఉన్నవి ఇరవై నాలుగు సీట్లు. రచన కోర్సులో డెబ్బై మార్కులు వస్తేనే ఆ సీటు ఆమెది; లేకపోతే జాబితాలో తర్వాత ఉన్నవాళ్లది. పళ్లు తోమడానికీ వ్యాసం రాయడానికీ సంబంధం ఏమిటని ఆమె అడగలేదు. అడగడానికి వేరే ఫారం ఉంది.

కోరిన్‌ను పెంచింది వాళ్ల అమ్మమ్మ ఆర్డిస్. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆఖరి ఏడాదంతా ఆవిడ కట్టుడు పళ్లు రోజూ కోరిన్ కడిగిపెట్టేది. పళ్ల చదువు మీదకు మనసు మళ్లింది అప్పుడే. ఈ సంగతి ఆమె ఏ వ్యాసంలోనూ రాయలేదు. రచన కోర్సులో ఇచ్చే అంశాలు వేరు: సెల్‌ఫోన్ల వల్ల లాభనష్టాలు, కళాశాల విద్య ఆవశ్యకత. వాటి మీద ఆమె 'నేటి సమాజంలో అనేక మంది' అని మొదలుపెట్టి రాసేది. ప్రొఫెసర్ ప్రతిసారీ పక్కన ఎర్రసిరాతో 'ఎవరా అనేక మంది?' అని రాసేవాడు. ఆయన అలా అడుగుతుండగానే ఆమె అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

ఆ ప్రొఫెసర్ పేరు లైల్ గ్రిమ్‌స్టెడ్. మూడు ఊళ్లలో మూడు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాడు కాబట్టి ఎక్కడా గది లేదు. ఆయన ఆఫీసు ఆయన కారే. విద్యార్థులు ముందు సీట్లో కూర్చుని సందేహాలు తీర్చుకునేవారు. వెనక సీట్లో దిద్దాల్సిన కాగితాలకు సీటు బెల్టు పెట్టి ఉండేది.

"చూడమ్మా, డెబ్బై నేనే వేద్దామన్నా కుదరదు. లెక్క కంప్యూటరు వేస్తుంది," అన్నాడాయన. "సెలవుల్లోపు ఇంకా సభలు రెండున్నాయి. రెండిటికీ వెళ్లు. ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటి పట్టుకో, అంతే."

సభలకు తన విద్యార్థులు తగ్గితే తన కాంట్రాక్టు కూడా తగ్గుతుందని ఆయన చెప్పలేదు. కారు హీటరు మాత్రం ఇంకాస్త పెంచాడు.

మొదటి సభ నవలది. సరస్సు పక్కన నిలబడి ఆలోచిస్తున్న ఒక మనిషి గురించి రచయిత నలభై పేజీలు చదివాడు. నలభై పేజీల చివర కూడా ఆ మనిషి అక్కడే ఉన్నాడు. ప్రశ్నలు ఎవరికి ఏవి అన్నది కోరిన్ క్లాసులోనే చదివే బ్రోడీ లిండ్‌క్విస్ట్ ముందే పంచిపెట్టాడు. అతనికి సాహిత్యం అబ్బలేదు గాని సభల నిర్వహణ బాగా అబ్బింది. 'మీకు ఆలోచనలు ఎక్కణ్నుంచి వస్తాయి' అన్నది ముందు వరుసకు పోయింది. 'పొద్దున రాస్తారా, సాయంత్రం రాస్తారా' అన్నది రెండో వరుసకు. కోరిన్ వంతు వచ్చేసరికి మిగిలినవేవీ బాగాలేవు. ఆమె సొంతంగా ఒకటి అడిగింది: మీ కథలో ఆయన మూడు రోజులుగా టాఫీలు తింటూ ఆ సరస్సు దగ్గరే ఉన్నాడు కదా, పళ్లెప్పుడు తోముకున్నాడు? రచయిత జేబులోంచి పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. ముద్ర పడింది. అరవై తొమ్మిది.

"తొమ్మిదో ప్రశ్న దగ్గర జాగ్రత్త," అని ఫారం నింపేటప్పుడు బ్రోడీ చెవిలో చెప్పాడు. తొమ్మిదో ప్రశ్న ఇలా ఉంది: మార్కులు లేకపోయినా మీరు ఈ సభకు వచ్చేవారా? "కళ్లు మూసుకుని 'రాను' అని టిక్కు కొట్టెయ్."

"ఎందుకురా?"

"ఎందుకో నాకేం తెలుసు. పోయినేడు మా అక్క 'వస్తాను' అని కొట్టింది. ఇప్పటికీ అదే కోర్సు చదువుతోంది."

కోరిన్ 'రాను' అని కొట్టింది. సరస్సు మనిషి విషయంలో అది నిజమే గనక ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు.

రెండో సభ డిసెంబరు మొదటి వారంలో, ఒక మంచు మధ్యాహ్నం. తలుపు దగ్గర బల్ల ముందు వరుస ఆగిపోయి ఉంది. వర్నా స్టబుల్‌ఫీల్డ్ అనే పెద్దావిడ వచ్చింది. ప్రతి సభకూ వస్తుంది, ప్రతిసారీ ఇదే గొడవ. ఏ కోర్సు అని అడుగుతారు. ఏ కోర్సూ కాదంటుంది. మరెందుకు వచ్చారంటే వినడానికి అంటుంది. కోర్సు నంబరు లేకుండా కంప్యూటరు ముందుకు కదలదు. చివరికి మిస్ ప్రాట్ స్వయంగా వచ్చి 'ఇతరములు' అనే గడి తెరిచి ఆవిడను అందులో వేశారు. గత నాలుగేళ్ల నివేదికల్లో ఇతరములు: ఒకరు.

ఆ రోజు కవి ఆర్విడ్ టెస్కే. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏడేళ్లు పల్లె రోడ్ల మీద ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఉత్తరాలు పంచేటప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే మైకు ముందు నిలబడ్డాడు, ఇంటివాళ్లు తలుపు తీస్తే ఇచ్చేసి పోదామన్నట్టు. మూడు చిన్న కవితలు చదివాడు. నాలుగోది వాళ్లమ్మ ఆఖరి చలికాలం గురించి. పొద్దున్నే ఆవిడ కట్టుడు పళ్లు గోరువెచ్చని నీళ్లలో కడగడం, అవి అరచేతిలో అంత తేలిగ్గా ఉండటం, వాటిని ఇచ్చేటప్పుడు ఆవిడ ముఖం అటు తిప్పుకోవడం. అంతే, అందులో ఇంకేమీ లేదు.

కోరిన్ ఫోనులో సమయం చూసుకోవడం మానేసింది. ఫారం మీద పెన్ను పెట్టి ఉంచింది గాని పెన్ను కదల్లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న వర్నా సంచిలోంచి చేతిరుమాలు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. ఇలాంటిది ఈ హాల్లో ఇదివరకు జరిగిన దాఖలా లేదు.

ప్రశ్నల వేళకు ఆమెకు బ్రోడీ కేటాయించినది నలభై ఒకటో నంబరు: మీకు బాగా నచ్చిన విరామచిహ్నం ఏది? మైకు చేతికొచ్చాక ఆమె అది మర్చిపోయింది.

"ఆ పళ్లు ఇప్పుడెక్కడున్నాయండీ?"

వెనక వరుసలో జున్ను నమిలేవాళ్లు కూడా నమలడం ఆపారు.

"వంటింటి కిటికీలో ఉన్నాయమ్మా, గ్లాసులో," అన్నాడు టెస్కే. "నీళ్లు మారుస్తుంటాను. ఎందుకని మాత్రం అడక్కు, నాకూ తెలీదు."

రెండో ప్రశ్న ఎలాగూ లెక్కలోకి రాదు. ముద్ర పడింది. సభ అయిదున్నరకు ముగిసింది; విద్యార్థులు అయిదూ ముప్పై ఒకటికి ముగిశారు. కోరిన్ మాత్రం వర్నాతోనూ టెస్కేతోనూ కలిసి మిగిలిన జున్ను తింటూ నలభై నిమిషాలు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో పెద్దగా చెప్పుకోవడానికి లేదు. కొంత పళ్ల గురించి, కొంత మంచులో బండి తోలడం గురించి. ఫొటో దిగింది. వెళ్లేటప్పుడు ఫారం నింపుతూ తొమ్మిదో ప్రశ్న దగ్గరకొచ్చింది. మార్కులు లేకపోయినా మీరు ఈ సభకు వచ్చేవారా? ఆ మనిషి పక్కనే కోటు తొడుక్కుంటున్నాడు. ఆమె 'వస్తాను' అని టిక్కు పెట్టి ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

సోమవారం విభాగం నుంచి పిలుపు వచ్చింది.

మిస్ ప్రాట్ చెడ్డ మనిషి కాదు. ఆవిడ బల్ల మీద విద్యార్థుల కోసం పిప్పరమెంట్ల గిన్నె ఎప్పుడూ ఉంటుంది. కోరిన్‌ను కూర్చోబెట్టి, పిప్పరమెంటు ఇచ్చి, మార్కు ఇవ్వడం కుదరదని చెప్పారు. పదిహేడో నియమం ప్రకారం అదనపు మార్కు అదనపు శ్రమకు. సంతోషంగా చేసిన పని శ్రమ కిందకు రాదు.

"మీకు నచ్చిందమ్మా. అదీ సమస్య," అన్నారు మిస్ ప్రాట్. "నచ్చినదానికి మార్కులిస్తూ పోతే రేపు క్యాంటీన్లో ఆపిల్ పై తిన్నవాళ్లు కూడా ఫారం పట్టుకొస్తారు."

సాక్ష్యాలు బల్ల మీద పరిచారు. సభ ముగిశాక నలభై నిమిషాలు అకారణంగా కూర్చోవడం ఒకటి. తొమ్మిదో ప్రశ్న ఒకటి. మూడోది ఫొటో.

"ఇందులో మీరు ఏడ్చినట్టుంది."

"జలుబండీ."

"డాక్టరు చీటీ ఉందా?"

లేదు. ఒక్క మార్కు. గుడ్ల షెడ్డులో ఇంకో ఏడాది. సీటు జాబితాలో ఇరవై అయిదో వాళ్లెవరో, వాళ్లు కవితలు విని ఏడవని మనుషులు. టిక్కు మార్చుకోవచ్చా అని అడిగింది. కాగితం మీద పెట్టిన టిక్కు మార్చడం కుదరదు గాని, దానికి మార్గం ఉందన్నారు మిస్ ప్రాట్, సొరుగు తెరుస్తూ. విభాగం ఎవరినీ దారి లేకుండా వదిలేయదు.

ఆ మార్గం పేరు ఫారం 11-బి, ఆనంద నిరాకరణ పత్రం. సభ వల్ల తనకు ఏ విధమైన ఆనందం గాని, చలనం గాని, జ్ఞాపకం గాని కలగలేదని విద్యార్థి కనీసం నూట యాభై మాటల్లో ప్రమాణపూర్వకంగా రాయాలి. నిరాకరించే వాక్యాలు పదికి తగ్గకూడదు. ఎత్తి రాసినట్టు ఉండకూడదు, వివరాలు ఉండాలి. శుక్రవారం అయిదింటిలోపు ఇవ్వాలి. ఒక ప్రతి వక్తకు తపాలాలో పోతుంది. (శ్రోతల అభిప్రాయం తెలిస్తే రచయితలు మెరుగుపడతారని విభాగం నమ్మకం.)

"ఆయనకు పంపుతారా?" అంది కోరిన్.

"తప్పకుండా. స్టాంపు ఖర్చు కూడా మాదే."

నాలుగు రోజులు ఆమె ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగింది. ఏదో ఒకటి గీకి పారెయ్యమన్నాడు బ్రోడీ. కావాలంటే వాళ్లక్క రాసినది ఉందన్నాడు, అది నెగ్గలేదు గాని అక్షరదోషాలు లేవన్నాడు. కోరిన్‌కు మాత్రం ఆ ముసలాయన కళ్ల ముందు మెదిలేవాడు. వంటింట్లో నిలబడి కవరు చింపుతాడు. కిటికీలో గ్లాసు పక్కన పెట్టి చదువుతాడు. నీ కవిత విని నాకేమీ అనిపించలేదని తను ఆ మనిషికి ఎలా రాయాలి? రాయకపోతే సీటు పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని 'నేటి సమాజంలో అనేక మందికి కవిత్వం నచ్చదు' అని మొదలుపెట్టింది. ఎవరా అనేక మంది, అనుకుంది. కొట్టేసి మళ్లీ రాసింది.

'ఆర్విడ్ టెస్కే గారి కవిత వింటుంటే నాకు మా అమ్మమ్మ ఆర్డిస్ గుర్తుకు రాలేదు. ఆవిడ పళ్లు పెట్టుకునే గ్లాసు గుర్తుకు రాలేదు. ఆ గ్లాసు మీదున్న నీలిరంగు చేప బొమ్మ గుర్తుకు రాలేదు. తలుపు చప్పుడైతే చాలు, పళ్లు పెట్టుకోలేదని ఆవిడ దుప్పటి ముక్కుదాకా లాక్కునేది. అది నాకు గుర్తుకు రాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు కంగారులో ఆ పళ్లు ఇంట్లో మర్చిపోయాను. రెండు రోజులూ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నాతో మాట్లాడింది. ఆ చెయ్యి నాకు గుర్తుకు రాలేదు. ఇంటికొచ్చాక గ్లాసులో నీళ్లు పారబోసి, దాన్ని అట్టపెట్టెలో పెట్టేశాను. నీళ్లు మారుస్తూ ఉండొచ్చని నాకు అప్పుడు తట్టలేదు. ఈ కవిత విన్నాక కూడా తట్టలేదు.'

అలా పేజీ నిండేదాకా రాసి, నాలుగూ యాభైకి తీసుకెళ్లి ఇచ్చింది.

మిస్ ప్రాట్ పెన్సిలుతో నిరాకరణలు లెక్కపెట్టుకుంటూ చదివారు. పద్నాలుగు తేలాయి. ఎక్కడా ఆనందం ఛాయ కనిపించలేదు. రెండోసారి చదివి, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. (పదిహేడో నియమం విభాగం సిబ్బందికి వర్తించదు.) తర్వాత ముద్ర వేశారు: చలనం లేదు, ఆమోదించడమైనది.

డెబ్బై మార్కులు. సీటు వచ్చింది.

ఒక ప్రతి గ్రిమ్‌స్టెడ్‌కు కూడా చేరింది. ఆయన కారులో కూర్చుని చదివాడు. కోరిన్ పార్కింగ్ దగ్గర కనపడితే అద్దం దించాడు.

"ఇది సెప్టెంబరులో రాసుంటే నీకు ఈ మార్కు అవసరమే పడేది కాదు కదే," అన్నాడు.

"సెప్టెంబరులో మీరు సెల్‌ఫోన్ల మీద రాయమన్నారు, ప్రొఫెసర్."

ఆయన ఇంకో కాలేజీలో క్లాసుకు వేళైందని అద్దం ఎత్తేశాడు.

క్రిస్మస్‌కు ముందు ఆమెకు ఒక పోస్టుకార్డు వచ్చింది. అక్షరాలు నిటారుగా ఉన్నాయి; చిరునామా తపాలా మనిషి రాసినట్టు తప్పు పట్టలేనంత చక్కగా ఉంది. 'నీ పత్రం అందింది. నా కవిత మీద ఎవరైనా రాసి పంపిన మొదటి కాగితం ఇదే. వంటింట్లో పెట్టుకున్నాను. ఒక్క సంగతి తెలుసుకోవాలనుంది: ఆ చేప ఎటువైపు చూస్తుంటుంది?' కోరిన్ అట్టపెట్టె విప్పి, గ్లాసు తీసి చూసి, ఎడమవైపు అని జవాబు రాసింది. గ్లాసును మళ్లీ పెట్టెలో పెట్టలేదు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కాని విభాగం మంచి పనిని వృథా పోనివ్వదు. నిరాకరణ ఎలా ఉండాలో ఇంతకంటే చక్కగా చెప్పలేమని మిస్ ప్రాట్ పైవాళ్లకు సిఫారసు చేశారు. పైవాళ్లు కోరిన్ పేరు తీసేసి దాన్ని అధికారిక నమూనాగా ప్రకటించారు. ఎత్తి రాయకూడదన్న నియమం నమూనాకు వర్తించదని సవరణ కూడా తెచ్చారు. వసంతకాలం నుంచి ముందుజాగ్రత్తగా ఫారం 11-బి అందరికీ తప్పనిసరి చేశారు. (వర్నా స్టబుల్‌ఫీల్డ్‌కు మాత్రం ఇవ్వలేదు. ఇతరములకు ఏం గుర్తుకొచ్చినా కాలేజీకి అభ్యంతరం లేదు.)

మార్చిలో కాన్సాస్ నుంచి ఒక కవయిత్రి వచ్చి గోధుమచేల మీద పదహారు కవితలు చదివింది. సభ దిగ్విజయంగా జరిగింది. నూట నలభై ముగ్గురు విద్యార్థులు హాజరై, నమూనా ప్రకారం, ఆమె కవితలు వింటుంటే తమకు అమ్మమ్మ ఆర్డిస్ గుర్తుకు రాలేదని ప్రమాణం చేసి సంతకాలు పెట్టారు. అందరికీ మార్కు పడింది. నియమం ప్రకారం నూట నలభై మూడు ప్రతులూ కవయిత్రికి తపాలాలో వెళ్లాయి.

వారం తిరక్కుండా ఆర్డిస్ అంటే ఎవరని ఆవిడ కాలేజీకి ఉత్తరం రాసింది. రికార్డులన్నీ వెతికించామనీ, ఆ పేరుతో ఎవరూ ఏ సభకూ హాజరు కాలేదనీ విభాగం జవాబు పంపింది.